పద్నాలుగో పంజరంలో దక్షిణ అమెరికా

మా జూకి రాజధాని నుంచి వారానికి రెండు సర్క్యులర్లైనా వస్తాయి. సందర్శకులు కోతుల్ని వెక్కిరించరాదని ఒకటి వస్తుంది. కోతులే సందర్శకుల్ని వెక్కిరించిన సందర్భాల వివరాలు మూడు ప్రతుల్లో పంపమని ఆ వెనకే ఇంకోటి వస్తుంది. వాటికి జవాబులు రాసేవాణ్ణి నేను. పేరు ముఖలింగం, హోదా సీనియర్ అసిస్టెంటు. పాతికేళ్ల సర్వీసులో నేను రాసిన ఫైళ్లన్నీ పేరిస్తే మా ఏనుగు కంటే ఎత్తుంటాయి. ఏనుగుని చూసి జనం ఆనందిస్తారు, అదొక్కటే తేడా.

ఆ వేసవిలో వచ్చిన సర్క్యులర్ మాత్రం వేరే బాపతు. ఎవరో పెద్దాయన విదేశాలకి వెళ్లి, అక్కడొక జూలో పక్షుల్ని ఉపజాతుల వారీగా విడదీసి పెట్టడం చూసి ముచ్చటపడ్డారట. విమానం దిగీ దిగగానే ఆదేశాలిచ్చారు. "ప్రతి పక్షిని దాని ఉపజాతి వారీగాను, ఆ ఉపజాతి స్వస్థల పరిధి వారీగాను వర్గీకరించవలెను. ఒక పరిధికి చెందిన పక్షి మరొక పరిధికి చెందిన పక్షితో కలిసి నివసించరాదు. ఒక ఉపజాతి స్వస్థలమందు ఇతర ఉపజాతులను ఉంచరాదు. ఉల్లంఘన తీవ్రముగా పరిగణించబడును."

అదే నెలలో మాకు కొత్త క్యూరేటర్ వచ్చారు. డాక్టర్ విఠలేశ్వర్ గారు. ఆయన డాక్టరేటు ఎండుగడ్డి నిల్వ మీద. పక్షుల గురించి ఆయనకేమీ తెలియదు కాబట్టి ఏ సందేహమూ లేదు. సర్క్యులర్ని ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకుని మూడుసార్లు చదివి, నన్ను పిలిచారు.

"ముఖలింగం గారూ, దేశంలో అందరికంటే ముందు మనం చేసి చూపించాలి. ఎక్కడ మొదలెడదాం?"

నేనే నోరు జారాను. "పద్నాలుగో పంజరంలో పసుపు పిట్టలున్నాయి సార్. దక్షిణ అమెరికావి. పుస్తకంలో వాటికి అయిదు ఉపజాతులున్నట్టు రాశారు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నా నాలుక నేనే కొరుక్కుంటున్నాను.

పసుపు పిట్ట అంటే మన పిచ్చుకంత ఉంటుంది. ఒళ్లంతా పసుపు, నుదుట నారింజ రంగు, పొద్దున్నే పాట. ఆ పంజరంలో పద్దెనిమిది ఉండేవి. వాటిని చూసుకునేవాడు పైడయ్య. ఇరవై రెండేళ్లుగా పక్షుల పంజరాలే అతని లోకం. ఇంట్లో మనవల పేర్లు తడబడతాడేమో గాని పిట్టల పేర్లు తడబడడు.

ఉపజాతులు తేల్చడానికి కమిటీ వేశాం. కమిటీ అంటే రిటైరైన ప్రొఫెసర్ సుందరసాయి గారు, ఆయన గొడుగు. నుదుటి మీది నారింజ రంగు ఎంత ముదురో చూస్తే ఏ ఉపజాతో చెప్పెయ్యొచ్చని ఆయన సెలవిచ్చారు. రంగు కొలవడానికి సాధనం కావాలి గదా. బజారుకి మనిషిని పంపి గోడలకి వేసే రంగుల షాపు నుంచి షేడ్ కార్డు తెప్పించారు. పైడయ్య ఒక్కో పిట్టనీ గుప్పిట్లో పట్టుకుని చూపిస్తుంటే, ఆయన ఆ కార్డుని దాని నుదుటికి ఆనించి "కొలంబియా... బ్రెజిల్... అర్జెంటీనా" అంటూ పోయారు. నేను రాసుకుంటూ పోయాను. ఒక పిట్ట మొదటిసారి కొలంబియా అయింది, నీళ్లలో మునిగి వచ్చాక పెరూ అయింది. రెండోసారి చెప్పిందే ఖాయం చేశారు, కడిగిన పిట్ట అబద్ధం చెప్పదని.

పైడయ్య కాసేపు చూసి ఆగలేకపోయాడు. "బాబూ, ఈటి అమెరికా ఏటండి? ఇయ్యన్నీ ఈ పంజరంలోనే పుట్టినాయి. ఈటి అయ్యలు, తాతలు కూడా ఇక్కడే పుట్టినారు. నా సేత్తోటి నూకలెట్టి పెంచినాను."

"పుట్టిన చోటు వేరు, పరిధి వేరు నాయనా" అన్నారు ప్రొఫెసర్ గారు జాలిగా. "పక్షి ఎక్కడ పుట్టిందన్నది దాని వ్యక్తిగత విషయం. శాస్త్రానికి దానితో పని లేదు."

క్యూరేటర్ గారు ఆ వాక్యాన్ని మినిట్స్‌లో రాయమన్నారు. రాశాను.

ఇప్పుడు అయిదు ఉపజాతులకీ అయిదు పంజరాలు కావాలి. మా దగ్గర ఖాళీగా లేవు. క్యూరేటర్ గారు ఒక్క పూట ఆలోచించి, పద్నాలుగో పంజరాన్నే దక్షిణ అమెరికా చేసెయ్యాలని నిర్ణయించారు. సైన్‌బోర్డులు రాసే గఫూర్‌ని పిలిపించాం. అతను పిల్లల అట్లాసు చూసి, పంజరం నేల మీద, వెనక గోడ మీద ఆ ఖండాన్ని రంగుల్లో వేశాడు. చుట్టూ నీలం సముద్రం. ప్రతి ఉపజాతి పరిధికీ ఒక రంగు, మధ్యలో తెల్ల గీత. గీతల మీద నేల నుంచి పైకప్పు దాకా ఇనప జల్లెడ కంచె వేయించాం. నీళ్ల తొట్టి అర్జెంటీనాలో ఉండిపోయింది. మిగతా నాలుగు పరిధులకీ తొట్లు వచ్చేదాకా పైడయ్య గరిటెతో నీళ్లు పోసేవాడు.

మూడో రోజు కొలంబియా పిట్ట ఒకటి కంచె సందులోంచి దూరి పెరూలో కూర్చుంది. పైడయ్యకి మెమో ఇచ్చారు. "కొలంబియా ఉపజాతికి చెందిన పక్షి మీ నిర్లక్ష్యము వలన అనుమతి లేకుండా పెరూ భూభాగమున ప్రవేశించినది. దీనికి మీ సంజాయిషీ ఏమి?" అతనికి చదువు రాదు కాబట్టి మెమో నేనే చదివి వినిపించాను. సంజాయిషీ కూడా నేనే రాసి వేలిముద్ర వేయించాను.

"పెరూ అంటే ఏటి బాబూ?" అని అడిగాడు.

"ఆకుపచ్చ రంగు పైడయ్యా."

"అది పచ్చ సూసి చెట్టనుకున్నాది కావోలు" అన్నాడు. నవ్వొచ్చింది. అప్పటికింకా ఇదంతా నవ్వులాటగానే ఉంది నాకు.

నవ్వు ఆగిపోయింది కుండ దగ్గర. గూళ్లు పెట్టుకోవడానికి పైడయ్య చిన్న చిన్న మట్టి కుండలు కట్టేవాడు. అందులో ఒక దాంట్లో సూరిగాడు, బంగారి అనే జంట కాపురం. ఆ పేర్లు పైడయ్య పెట్టినవే. కంచె వేసిన రోజునే వాటి గుడ్లు పగిలి మూడు పిల్లలు బయటికొచ్చాయి. షేడ్ కార్డు ప్రకారం సూరిగాడిది బ్రెజిల్, బంగారిది పెరూ. కుండ పెరూ వైపు పడింది. తండ్రి కంచెకి ఇవతల, తల్లీపిల్లలు అవతల.

నేను వెళ్లి చూశాను. సూరిగాడు నోట్లో మేత పెట్టుకుని కంచెకి కొట్టుకుంటున్నాడు. ముక్కు మీద రక్తం చారిక. మూడు పిల్లల్ని బంగారి ఒక్కతీ మేపలేక, ఒకదానికి పెడితే ఇంకోటి నోరు తెరుచుకుని పడి ఉంటోంది. ఒంటి మీద ఈకలు లేవు, ఎర్రటి తోలు, బొటనవేలంత ప్రాణాలు.

"ఇంకో నాలుగు రోజులు బాబూ. ఇలాగే ఉంటే సచ్చిపోతాయి" అన్నాడు పైడయ్య.

క్యూరేటర్ గారికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "చూడండి, నాకూ పిల్లలున్నారు. కాని ఒక్క గూటి కోసం సరిహద్దులు మారిస్తే రేపు ప్రతి పిట్టా మార్చమంటుంది. తల్లిది ఒక పరిధి, తండ్రిది ఒక పరిధి అయితే ఆ సంతానమే నిబంధనలకి విరుద్ధం. గుడ్లు పెట్టేటప్పుడే ఆలోచించుకోవాల్సింది."

ఎవరు ఆలోచించుకోవాల్సింది? పిట్టలా? ఒళ్లు మండిపోయింది నాకు. అయినా "అలాగే సార్" అనే వచ్చేశాను. సీట్లోకొచ్చి ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను. అప్పుడు కంట పడింది మేమే రాసుకున్న ఉత్తర్వు. "కంచెలు నేలపై గీసిన గీతలను మాత్రమే అనుసరించవలెను."

గఫూర్‌ని టీ తాగడానికి రమ్మని కబురంపాను. పైడయ్య కూడా వచ్చాడు. క్యాంటీన్ బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. విషయం వినగానే గఫూర్ అన్నాడు, "ఇంతేనా సార్? ఒక గీత చెరపాలి, అంతేగా. అల్లా మెచ్చే పనే. ఒక డబ్బా ఆకుపచ్చ మిగిలుంది నా దగ్గర."

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసంతా భోజనాల్లో ఉండగా గఫూర్ బ్రెజిల్‌కి ఆకుపచ్చ రంగు కొట్టేశాడు. పెరూ, బ్రెజిల్ ఒక్కటైపోయాయి. మధ్యలో గీత లేదు. గీత లేని చోట కంచె ఉండటం ఉత్తర్వుకి విరుద్ధమని, అది అక్రమ కట్టడం కిందికి వస్తుందని, వెంటనే తొలగించడానికి అనుమతించాలని నేను నోటు పెట్టాను. క్యూరేటర్ గారు 'అక్రమ కట్టడం' అన్న మాట చూడగానే సంతకం గిలికేశారు. పటం వైపు ఆయనెప్పుడూ చూసింది లేదు.

కంచె తీసిన క్షణం నాకు బాగా గుర్తు. సూరిగాడు ఒక్క ఉదుటున ఎగిరి కుండ మీద వాలాడు. పిల్లలు మూడూ నోళ్లు తెరిచాయి. పైడయ్య కండువాతో కళ్లు తుడుచుకుని, "బాబూ, మీ సెయ్యి సల్లగుండ" అన్నాడు. నా సర్వీసు మొత్తానికి నేను రాసిన మంచి నోటు అదొక్కటే. ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాను.

అయిదు రోజులు హాయిగా గడిచాయి. పిల్లలకి ఈకలొచ్చాయి. ఆరో రోజు రాజధాని నుంచి తనిఖీకి కమిషనర్ గారు దిగారు, వెంట ప్రొఫెసర్ సుందరసాయి గారు. పంజరం ముందు నిలబడి కమిషనర్ గారు పటం చూశారు. ఆయన చిన్నప్పుడు భూగోళం బాగా చదువుకున్నట్టున్నారు.

"ఇదేమిటి, పెరూకి బ్రెజిల్‌కి సరిహద్దు లేదే? పైగా రెండు ఉపజాతులు ఒకే చోట. ఆ కుండలో పిల్లలు!"

పైడయ్య నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. తప్పు జరిగిందని ఒక్క మాట అంటే చాలు, ఎవరికీ ఏమీ కాదు. కాని తప్పు జరిగిందని అనడం మా డిపార్ట్‌మెంటులో ఎవరికీ నేర్పరు. క్యూరేటర్ గారు ఛాతీ విరుచుకున్నారు.

"సార్, అది సరిహద్దు లేకపోవడం కాదు. అది మా పరిశోధన. రెండు పరిధులు కలిసే మండలాన్ని ప్రయోగాత్మకంగా సృష్టించాం. ఫలితంగా ఇంతవరకూ ప్రపంచంలో ఎక్కడా లేని ఉపజాతి ఉద్భవించింది. సంఖ్య మూడు."

కమిషనర్ గారు ప్రొఫెసర్ గారి వైపు తిరిగారు. ప్రొఫెసర్ గారు జేబులోంచి షేడ్ కార్డు తీసి, కళ్లజోడు సర్దుకుని, కుండలోకి తొంగి చూశారు. "నిజమే సార్. ఈ రంగు కార్డులో లేదు" అన్నారు.

ఇంకేముంది, అందరూ గంగవెర్రులెత్తారు. విఠలేశ్వర్ గారు కొత్త ఉపజాతికి ముందు తన పేరే అనుకున్నారు. తర్వాత బుద్ధి తెచ్చుకుని కమిషనర్ గారి తల్లి పేరు పెట్టారు. అన్నపూర్ణ ఉపజాతి. కమిషనర్ గారు కళ్లు చెమర్చి, గురువారం తానే వచ్చి లోకానికి ప్రకటిస్తానన్నారు.

సోమవారం పొద్దున క్యూరేటర్ గారు సర్క్యులర్ మళ్లీ తీశారు. ఒక ఉపజాతి స్వస్థలమందు ఇతర ఉపజాతులను ఉంచరాదు. అన్నపూర్ణ ఉపజాతి పుట్టింది ఎక్కడ? పద్నాలుగో పంజరంలో. ఇంకెక్కడా లేదు. కాబట్టి దాని స్వస్థలం అదే, దాని మొత్తం పరిధి అదే. మిగతా పద్దెనిమిది పిట్టలూ అక్కడ పరాయివి. సూరిగాడు, బంగారితో సహా.

"సార్, పుట్టిన చోటు వేరు, పరిధి వేరని మనమే రాశాం" అన్నాను.

"అది పాత ఉపజాతులకి" అన్నారాయన.

పద్దెనిమిదింటినీ వలేసి పట్టి, జూ అవతలి కొసలో ఇరవై రెండో పంజరానికి తోలేశారు. పైడయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. "పిల్లలకి గింజ కొరకడం రాదు బాబూ. ఇంకో పది దినాలు అయ్యా అమ్మా నోట్లో ఎట్టాలి. పోనీ నానెడతాను, నూకలు నానబెట్టి, పుల్లతోటి."

"మానవ స్పర్శ అరుదైన ఉపజాతి స్వచ్ఛతకి ముప్పు" అన్నారు క్యూరేటర్ గారు. పైడయ్యకి పక్షుల మీద మమకారం మితిమీరిందని మొసళ్ల విభాగానికి మార్చారు. పద్నాలుగో పంజరానికి పట్టు తెర కట్టించి, తలుపుకి తాళం పెట్టి లక్క సీలు వేయించారు. లోపల ఒక పళ్లెంలో గింజలు, ఒక పళ్లెంలో నీళ్లు పెట్టించారు. ఆకలేస్తే అవే తింటాయన్నారు. పిల్లలు కుండలోంచి దిగడం కూడా నేర్వలేదు.

నేను నోటు పెట్టాను. తల్లిదండ్రుల్ని గురువారం దాకా లోపల ఉండనివ్వాలని, తాత్కాలిక అతిథులుగా పరిగణించవచ్చని. ఫైలు సాయంత్రానికి తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఒకే మాట, "చర్చించండి." చర్చిద్దామని వెళ్తే క్యూరేటర్ గారు గురువారం షామియానా గురించి మాట్లాడుతున్నారు. మంగళవారం మళ్లీ పెట్టాను. మళ్లీ "చర్చించండి" అనే వచ్చింది.

పైడయ్య రోజుకి రెండు సార్లు నా సీటు దగ్గరికి వచ్చేవాడు, మొసళ్ల కొలను బురద కాళ్లతోనే. మంగళవారం మధ్యాహ్నం వచ్చి అన్నాడు, "తెర దగ్గర నిలబడి ఇన్నాను బాబూ. నిన్న ముగ్గురూ అరిసినారు. ఈయేల ఇద్దరి గొంతే ఇనబడతంది. మీకాడ ఇంకో తాళం ఉన్నాది గదా. సీలు నాను పగలదీస్తాను. మీరు సూడనట్టు తాళం ఇక్కడెట్టీసి టీకి ఎల్లండి."

ఉంది. డూప్లికేట్ తాళంచెవి నా సొరుగులోనే ఉంది. సీలు పగిలితే మొదట అడిగేది ఆ తాళం ఎవరిదని. సస్పెన్షన్ ఖాయం. నాకింకా మూడేళ్ల సర్వీసుంది. "రేపు మళ్లీ సారుతో మాట్లాడతాను పైడయ్యా, ఈసారి ఒప్పుకుంటారు" అన్నాను. అతను నా మొహం కేసి చూసి వెళ్లిపోయాడు. ఆ సొరుగు మీద మోచేతులు పెట్టుకుని నేను సాయంత్రం దాకా ఏవో కాగితాలు రాశాను. సిగ్గు లేని జన్మ.

బుధవారం అతను వచ్చి, "ఏ గొంతూ ఇనబడ్డం లేదు బాబూ" అన్నాడు. రెండోసారి రాలేదు.

గురువారం షామియానా, సన్నాయి, కొబ్బరికాయ. కమిషనర్ గారి తల్లిగారిని కూడా చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పెద్దావిడ పట్టు తెర తాడు లాగింది. కుండలో మూడు పసుపు ముద్దలు, నోళ్లు తెరుచుకుని. వాటి మీద చీమలు. కింద పళ్లెంలో గింజలు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

అందరూ కమిషనర్ గారి మొహం వైపు చూశారు. ముసలావిడ మాత్రం, "అయ్యో, ఈటికి తిండెట్టే దిక్కే నేకపోనాదా?" అంది. ఆ రోజు మైకులో గాని, బయట గాని ఎవరైనా బుద్ధున్న మాట అన్నారంటే ఆవిడే. ఆవిణ్ణి నీడలోకి తీసుకెళ్లిపోయారు.

విఠలేశ్వర్ గారు మైకు అందుకున్నారు. "మిత్రులారా, ఇది చారిత్రక విషాదం. ఒక ఉపజాతి ఆవిర్భావాన్నీ, అంతరించిపోవడాన్నీ ఒకే సంస్థ, ఒకే వారంలో, పూర్తి శాస్త్రీయ రికార్డులతో నమోదు చేయడం ప్రపంచంలో ఇదే ప్రథమం." రెండు నిమిషాలు మౌనం పాటించారు. తర్వాత సమోసాలు పంచారు. ఉత్తమ సంరక్షణ పురస్కారానికి మా జూ పేరు సిఫార్సు చేస్తున్నట్టు కమిషనర్ గారు అక్కడే ప్రకటించారు. ప్రొఫెసర్ గారు రెండో సమోసా తింటూ నుదుటి రంగు చచ్చాక కొంచెం పాలిపోయిందని గమనించారు.

శుక్రవారం అంతర్ధాన నివేదిక వచ్చింది నా బల్ల మీదికి. ఉపజాతి అంతరించుటకు కారణం అన్న చోట నాలుగు గళ్లు. ఆవాస విధ్వంసం, వేట, వాతావరణ మార్పు, ఇతరములు. వాటిని చివరిసారి చూసుకున్న సంరక్షకుడి వాంగ్మూలం, వేలిముద్ర తప్పనిసరి. మొసళ్ల దగ్గర్నుంచి పైడయ్యని పిలిపించాను. వచ్చి బల్లకి దూరంగా నిలబడ్డాడు. కళ్లు వాచి ఉన్నాయి.

"ఎందుకు చనిపోయాయో నీ నోటితో చెప్పాలట పైడయ్యా" అన్నాను.

"ఎందుకేటి బాబూ, తెల్దా? ఆకలికి సచ్చిపోనాయి. ఆకలని రాయండి."

"ఆకలికి గడి లేదు. ఆవాసం, వేట, వాతావరణం, ఆఖర్న ఇతరములు, ఇవే ఉన్నాయి."

"ఆఖర్న ఇంకేదో ఉన్నాదన్నారు గదా. అందులో రాయండి. ఆ ఒక్క మాటా రాయండి బాబూ. నాకింకేటీ వొద్దు."

లోపలి గదిలోంచి క్యూరేటర్ గారి గొంతు వినబడుతోంది, పురస్కారం అందుకోవడానికి ఏ రైలు ఎక్కాలో ఫోన్‌లో అడుగుతున్నారు. వాతావరణ మార్పు అని పెట్టమని నాకు పొద్దున్నే చెప్పారాయన. కలం తీసి, ఆ గడిలో టిక్కు పెట్టాను.

"రాసినారా బాబూ?" అని అడిగాడు పైడయ్య.

"రాశాను" అన్నాను.

కాగితం అతని ముందుకి జరిపాను. అతను బొటనవేలు సిరా మెత్తకి అద్దుకుని, నేను చూపించిన చోట ఒత్తి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.